నూలు కాంటా మీద నా బ్యాగు

రెండు రోజుల ట్రెక్కింగ్‌కు సర్దుకున్న బ్యాగు బరువు తగ్గించాలని, సాయంత్రం కుంఠా నాకా పేటలో ఉన్న రాజేశం మామ మగ్గాల షెడ్డుకు మోసుకెళ్ళాను. నూలు తూచే కాంటా మీద పెడితే పద్నాలుగు కిలోలు చూపించింది. మామ మందపాటి చద్దరు, రెండో జత బట్టలు తీసి పక్కన పెట్టాడు. టెంటు, స్టవ్వు, గిన్నె బయటికి తీసి ఆగాడు.

"గివి తోడొచ్చేటోళ్ళు తలా ఒకటి మోస్తరు గదా బిడ్డా. వాళ్ళేరి?"

"ఎవ్వరు లేరు మామా. ఒక్కదాన్నే పోతున్న."

మామ ఆ మూడూ తనే మళ్ళీ బ్యాగులో సర్దాడు.

స్నేహితులం నలుగురం కలిసి ట్రెక్కింగ్‌కు వెళ్ళిన రోజుల్లో నేను మోసింది గిన్నె ఒక్కటే. దానికీ దారి పొడుగునా సణిగేదాన్ని.

శనివారమే బయల్దేరుతున్నా, ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఖాళీగా ఉంటే చెప్పండి. అన్నీ నేనే మోస్తాను, మీరు ఊరికే నడవండి.