జెండా దిగాక విరిగిన కాలు

శ్రీకూర్మంలో దానమ్మ కోపం ఎరగని కుక్క కూడా ఉండేది కాదు. పొయ్యి ముందు కూర్చుని ఆమె ఒక్కసారి గణపతిరావు పేరు తలుచుకుంటే, పచ్చి సరుగుడు కట్టె కూడా అగ్గిపుల్ల అడక్కుండా అంటుకునేదట. వానాకాలంలో తోటి ఆడవాళ్ళు కావాలనే ఆ పేరెత్తేవారట. ఇందులో సగం కొట్టేసినా, మిగిలిన సగం ఊరు తగలెయ్యడానికి చాలు.

ఊరికే వచ్చిన కోపం కాదది. డోలోత్సవానికి వచ్చే యాత్రికుల కోసం పూర్వం ఒక ధాన్యం వర్తకుడు బస్సులు ఆగే చోట సత్రం కట్టించాడు. ఆయన పెట్టిన నియమాలు రెండే. సత్రం మీద పసుపు జెండా ఎగురుతున్నంతకాలం గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆకు వెయ్యాలి. లోపల ఒక్క ఆకు ముందు మనిషున్నా జెండా దించకూడదు. ఈ రెండూ తప్పితే తన వంశం నిలవదని ఒట్టు పెట్టి మరీ పోయాడు. అందుకని ఆయన మనవలు పట్నంలో ఉంటూ కూడా సత్రం మాటొస్తే చెవులు నిక్కించేవారు. వాళ్ళ తరపున పెత్తనం చేసే గుమస్తా గణపతిరావు.

దానమ్మ ఆ సత్రంలో వంట చేసేది. ఆమె మొగుడు రాముడు కావిడి వేసుకుని యాత్రికుల సామాను మోసేవాడు. ఇలాంటివాళ్ళు మరో ఇరవైమంది దాకా ఉండేవారు. నీళ్ళు మోసేవాళ్ళు, ఆకులు కుట్టేవాళ్ళు, పందిళ్ళు వేసేవాళ్ళు. జెండా ఎక్కితే సత్రం మనుషులు, దిగితే పొలం కూలీలు. జెండా ఉన్నన్నాళ్ళూ గణపతిరావు ఒక్కొక్కరి కూలి బియ్యంలోంచి తవ్వెడు తీసి పక్కన పోయించేవాడు. రోగం రొష్టు వస్తే సత్రమే చూసుకుంటుందని చెప్పేవాడు. ఆ బియ్యంతో నయమైన రోగిని మాత్రం ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఎవరికి ఏ జబ్బు వచ్చినా అది జెండా దిగాకే వచ్చినట్టు ఆయన రుజువు చెయ్యగలడు. పాము కరిచినా సరే, అది కిందటేడు పామని తేల్చేవాడు.

అందుకే దానమ్మ వేరే దారి వెతికేది. నెల్లిమర్ల మిల్లులో పనిచేసేవాళ్ళకు సర్కారువారి మందుల కార్డు ఉంటుందని ఒక యాత్రికుడు చెబితే, తమకూ ఇస్తారా అని అడిగింది. ఏడాది పొడుగునా మిల్లులో ఉండేవాళ్ళకే తప్ప నాలుగు రోజులు పనిచేసి పోయేవాళ్ళకు ఉండదన్నాడు. మరో ఏడు బీమా ఏజెంటు ఒకాయన భోజనానికి వచ్చి, నెలనెలా కొంచెం కడితే కుటుంబానికి ఎంత ధీమాయో వర్ణించాడు. దానమ్మ మురిసిపోయి ఆయన ఆకులో రెండు గరిటెల పప్పు ఎక్కువ వేసింది. ఆ డబ్బు మనిషి పోయాకే వస్తుందని పెరుగన్నం దగ్గర బయటపడింది.

"సచ్చినోడికి మందులెందుకు బాబూ? బతికుండగా జొరమొత్తే ఇచ్చేదేటైనా ఉంటే సెప్పండి" అంది దానమ్మ.

అలాంటిది తమ దగ్గర లేదన్నాడు ఏజెంటు. పప్పు ఎలాగూ తిరిగిరాదు.

ఎలక్షన్ల మరుసటి ఏడు డోలోత్సవం ముగిసింది. పొద్దున్నే గణపతిరావు జెండా దించి మడత పెట్టించాడు. అయితే గజపతినగరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఇంకా బయలుదేరలేదు. ఆవిడ మడి ఎంతటిదంటే, పరాయి రోట్లో రుబ్బిన పచ్చడి ముట్టదు. అందుకని తన రుబ్బురోలు ఇనప్పెట్టెలో పెట్టుకుని యాత్రకు వచ్చింది. వచ్చేటప్పుడు ఆ పెట్టెను బస్సు మీద పెడితే ముందు చక్రాలు గాల్లోకి లేచాయని డ్రైవరు చెప్పేవాడు. దాన్ని బస్సు దాకా చేర్చమని గణపతిరావే రాముణ్ణి పురమాయించాడు. సత్రం మెట్లు దిగుతుండగా కావిడిబద్ద ఫెళ్ళున విరిగింది. పెట్టె వచ్చి రాముడి కాలి మీద, మోకాలికి కిందుగా పడింది. ఎముక చర్మం చీల్చుకుని బయటికి కనిపించింది.

దానమ్మ పరిగెత్తుకొచ్చి గుడ్డతో కట్టు కట్టి, నలుగురి చేత మొగుణ్ణి సత్రం అరుగు మీద పడుకోబెట్టించి, గణపతిరావు దగ్గరికి వెళ్ళింది. తవ్వెడు తవ్వెడు చొప్పున ఇన్నేళ్ళు పోసిన బియ్యం ఏమైందో అడిగింది. డాక్టర్ని పిలిపించమంది.

గణపతిరావు జాలిపడ్డాడు. జాలిపడటానికి ఖర్చు లేదు. ఆ తరువాత మెల్లగా జెండా కొయ్య వైపు చూపించాడు.

"జెండా పొద్దున్నే దిగింది కదా దానమ్మా. జెండా దిగాక పడ్డవాడు సత్రం మనిషి కాడు. నేను మాత్రం ఏం చెయ్యగలను?"

"పెట్టె మొయ్యమన్నది ఎవులు బాబూ?"

"ఊరి మనిషి కదా అని చెప్పాను. సాయం."

దానమ్మ అటునుంచటే డాక్టరు నరసింగరావు ఇంటికి వెళ్ళింది. ఆ చుట్టుపక్కల సూది వెయ్యగల మనిషి ఆయనొక్కడే. ముందు ఫీజు గుమ్మంలో పెడితేగాని ఆయన చెప్పులు తొడిగేవాడు కాదు. ఫీజు పెట్టడానికి దానమ్మ దగ్గర ఏమీ లేదు. కానీ దారిలో ఆమెకొక ఆలోచన వచ్చింది. చాకలికీ మంగలికీ కుమ్మరికీ ఊరంతా నూర్పుళ్ళప్పుడు కళ్ళం దగ్గరే ఏడాదికి సరిపడా గింజలు మేరగా కొలుస్తుంది. గడ్డం పెరిగినా పెరక్కపోయినా మంగలి మేర మంగలిదే. పిలిచినప్పుడు అతను రావాలి, అంతే. డాక్టరుకూ అలాగే కొలిస్తే? ఇరవై ఇళ్ళవాళ్ళూ తలా కుంచం కొలుస్తారు. జబ్బు పడ్డవాడి మందు పడనివాళ్ళ గింజల్లోంచి వస్తుంది. ఏజెంటు చెప్పలేనిది, మిల్లు ఇవ్వనిది తమ కళ్ళంలోనే ఉంది. ఇన్నాళ్ళు తోచనందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

ఆ మాటే డాక్టరుతో చెప్పింది. ఆయన ముఖం కందగడ్డయింది. గోడమీదున్న డిగ్రీ పటం వైపు చూపించాడు.

"కళ్ళం దగ్గర గోనె పట్టుకుని నిలబడమంటావా నన్ను? నేనేమన్నా మంగలినా?"

దానమ్మ ఆయన్ని కిందనుంచి మీదదాకా చూసింది.

"కాదు బాబూ. మంగలి లక్ష్ముడు పిలిస్తే వత్తాడు."

తలుపు మూసిన చప్పుడుకు డాక్టరుగారి చూరులో పిచుకలు ఒడిశా దాకా ఎగిరిపోయాయని అంటారు. 

తిరిగి వచ్చేసరికి రాముడికి ఒళ్ళు కాలిపోతోంది. బండిలో పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్దామంటే, ఆ గతుకులకు ఎముక ఇంకా చీల్చుకొస్తుందని అందరూ భయపడ్డారు. దానమ్మ నడుము తడుముకుంది. కొట్టుగది తాళంచెవి ఇంకా తన దగ్గరే ఉంది. సీజను చివర సామాను అప్పగించాకగాని గణపతిరావు దాన్ని తీసుకోడు. ఆమె కొట్టుగది తెరిచి, మడతపెట్టిన జెండా తీసి, తాడుకు కట్టి సర్రున లాగింది. పసుపు జెండా మళ్ళీ కొయ్య చివరికెక్కింది.

అప్పుడే ఎండుచేపల గంపతో జగ్గమ్మ అటుగా పోతోంది. సముద్రం ఒడ్డు మనిషి. చేపల వాసనని వంక పెట్టి గణపతిరావు ఆమెనెప్పుడూ సత్రం గడప తొక్కనిచ్చేవాడు కాదు. దానమ్మ ఆమెను పిలిచి, లోపల కూర్చోబెట్టి ఆకు వేసింది. గణపతిరావు వచ్చేసరికి జగ్గమ్మ మొదటి ముద్ద కలుపుతోంది.

జెండా దించమని ఆయన అరిచాడు.

"ఆకు ముందు మనిసుంది. దించితే దించండి. పట్నంలో బాబులకి నేనే సెప్తాను" అంది దానమ్మ.

 తింటున్న మనిషిని లేపడం ఎంత పాపమో పక్కన పెట్టినా, ఈ కబురు మనవల చెవిన పడితే తన పెత్తనం ఉండదని గణపతిరావుకు తెలుసు. జగ్గమ్మ తిని లేచేదాకా ఆగుదామనుకున్నాడు. అయితే జగ్గమ్మకు పళ్ళు రెండే, అవీ ఎదురెదురుగా లేవు. ఆమె ఒక ముద్ద నమిలేలోపు శ్రీకాకుళం బస్సు వెళ్ళి తిరిగొచ్చేది. ఆమె లేవకముందే నీళ్ళు మోసే నీలవేణి కూర్చుంది. ఆమె లేవకముందే పందిళ్ళవాళ్ళు. జెండా చూసి ఒడ్డు పల్లెలవాళ్ళు వచ్చారు. వాళ్ళను చూసి పొలాల్లోవాళ్ళు వచ్చారు. కరువు రోజులవి, ఎవరినీ రెండోసారి పిలవక్కర్లేదు. ఆ పగలూ రాత్రీ ఒక్క ఆకైనా ఖాళీ లేకుండా వంతులు పెట్టుకుని మరీ తిన్నారు. కొట్టుగదిలో బియ్యపు గుట్ట కరుగుతున్నకొద్దీ గణపతిరావు పొట్ట కూడా కరిగిందని, పంచె రెండు చుట్లు ఎక్కువ తిరిగిందని చెబుతారు.

మర్నాడు ఆయన దిగివచ్చాడు. రాముడి కాలుకు అయ్యే ఖర్చు సత్రం పెట్టుకుంటుందన్నాడు. దానమ్మ ఒప్పుకోలేదు. సత్రంలో పనిచేసే ఇరవై ఇళ్ళకూ, జెండా ఉన్నా లేకపోయినా, ఏడాది పొడుగునా డాక్టరు రావాలంది. ఇన్నేళ్ళు తీసిన తవ్వెడు బియ్యం ఆయనకు మేరగా కొలవాలంది.

అరుగు మీద జ్వరంలో ఉన్న రాముడు ఆ మాట విన్నాడు. "ఒసే, నా కాలు సూడించీయే. ఊరోల్ల కాల్లు నీకెందుకే?" అని మూలిగాడు.

 కట్టు చుట్టూ చర్మం అప్పటికే నల్లబడుతోంది. సరేనని ఒక్క మాటంటే డాక్టరు ఘడియలో వస్తాడు. ఆమె మొగుడి పక్కన కూలబడి, అతని కాలు చూసి, ఆ చూపుతోనే లేచి నిలబడింది.

"నీ కాలు బాగయ్యాక నీలవేణి పిల్లకి జొరమొత్తాది. మల్లీ జెండా కట్టమంతావేటి మావా? ఈలు ఒక్క కాలు సూసి మిగతావి మర్సిపోతారు." తరువాత గణపతిరావు వైపు తిరిగింది. "ఆడి కాలు పోతే ఈ జెండా ఎప్పుటికీ దిగదు. వచ్చే డోలోత్సవం దాకా నేనే ఒండుతాను."

గణపతిరావు కొట్టుగదిలోకి తొంగిచూశాడు. నేల కనిపిస్తోంది. వెంటనే బండి కట్టించాడు. మిగిలిన రెండు బస్తాలూ ఎక్కించి, పైన పళ్ళెంలో పసుపు కుంకుమ, తాంబూలం పెట్టి తానే డాక్టరు ఇంటికి వెళ్ళాడు. సత్రంవారి గౌరవ సంభావన, ఏటేటా ఇలాగే అందుతుందని, ఇరవై ఇళ్ళవాళ్ళు ఎప్పుడు పిలిచినా దయచెయ్యాలని మనవి చేశాడు. డాక్టరు నరసింగరావు బస్తాలు దింపించుకుని, చెప్పులు తొడిగి, అదే బండిలో వచ్చాడు. దానమ్మ తెస్తానన్నదీ ఆ గింజలే. ఆమె చేతిలో ఉంటే మేర, గణపతిరావు పళ్ళెం కింద ఉంటే గౌరవం. ఆ లెక్క ఆమె తరవాతికి దాచుకుంది. ముందు కాలు.

సత్రం అరుగు మీదే డాక్టరు పుండు కడిగి, సూది వేసి, ఎముక సరిచేసి బద్దలు కట్టాడు. రాముడి అరుపుకు జెండా కొయ్య ఊగింది. కాలు తియ్యక్కర్లేదని, ఇంకొక్క పూట ఆలస్యమైతే తియ్యాల్సొచ్చేదని చెప్పాడు. అది విని దానమ్మ లోపలికి వెళ్ళింది. అన్ని ఆకులూ లేచాయి. అప్పటిదాకా అందరికీ వడ్డించి తాను పస్తున్న మనిషి, ఇప్పుడు తనకు తానే ఆకు వేసుకుని కూర్చుంది. గణపతిరావు జెండా తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఆమె తొందరపడలేదు. కడుపారా తిని, ఆకు మడిచింది. శుభకార్యాల్లో తిన్నవాళ్ళు ఆకును తమవైపుకు మడుస్తారు, మళ్ళీ వస్తామని. చావు భోజనాల్లో ఆవలికి మడుస్తారు. దానమ్మ ఆవలికి మడిచింది.

గణపతిరావు చేతిలో తాడు జారింది. "నువ్వడిగిందంతా అయింది కదే. ఇంకా ఎందుకలా మడిచావు?"

"కాలు బాగవుతాది బాబూ," అంది దానమ్మ, ఆకు తీసుకుని లేస్తూ. "కోపం మాత్రం ఉన్నాది."