పోయొస్త అనే ఇంగ్లీషు

నారాయణఖేడ్ బస్ డిపో దగ్గర, ఒక బట్టల దుకాణం పైగదిలో నేను ఇంగ్లీషు చెబుతాను. కింద కండక్టర్లు అరుస్తుంటారు, పైన నేను అరుస్తుంటాను. ఎవరి గొంతు పెద్దదో ఇప్పటికీ తేలలేదు. నాకు ఓపిక తక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఉన్న ఆ కాస్త ఓపికనూ ఇంగ్లీషులోని చిన్న మాటలు తినేశాయి. అప్, ఆఫ్, అవుట్, ఫర్, ఆఫ్టర్. చూడటానికి చీమంత ఉంటాయి. లుక్ అనే మాట పక్కన ఒకటి చేరితే వెతకడం, ఇంకొకటి చేరితే బాగోగులు చూసుకోవడం, మరొకటి చేరితే ఊరికే చూడటం.

పుస్తకాలు వీటిని బట్టీ పట్టమంటాయి. నేను పట్టనివ్వను. మావాళ్లకు సగం ముందే వచ్చు. ఫోన్ స్విచాఫ్ వస్తోందంటారు, ఆటో అతను పికప్ చేసుకుంటాడంటారు, దవాఖానలో చెకప్ చేయించుకుంటారు. తెలుగులో మనం చేసేది మాత్రం తక్కువా? పడు అనే ఒక్క మాట పట్టుకుని పడుకుంటాం, పడేస్తాం, పడిపోతాం. ఈ సంగతి మొదటిరోజే చెబితే క్లాసులో సగం భయం పోతుంది. మిగతా సగం నన్ను చూసి పుట్టిన భయం.

ఆ మధ్య సిర్గాపూర్ నుంచి ఒకామె చేరింది. ఇంటర్ చదివింది. ఏటా పంట చేతికొచ్చాక భర్తతో కలిసి హైదరాబాద్ వెళ్లి, కట్టే భవనాల దగ్గర ఇటుకలు మోసేది. అందుకే తన చిన్నారి కూతురిని అమ్మమ్మ దగ్గరే ఉంచి చదివించేది. మా ఊళ్లో కొత్తగా తెరిచిన ఒక ప్రైవేటు దవాఖానలో, ముందు కౌంటర్ దగ్గర కూర్చునే పని ఉందని ఆమె చెవిన పడింది. ఫోన్లో పట్నం దవాఖానలతో మాట్లాడాలి కాబట్టి కొద్దిగా ఇంగ్లీషు రావాలన్నారట. చేరిన రోజే నాతో తెగేసి చెప్పింది.

"మేడం, గీ పని దొరికితే ఇగ హైదరాబాద్ పోయేది లేదు. బిడ్డ నా కాడనే ఉంటది. జల్దీ నేర్పుండ్రి."

జల్దీగానే నేర్చుకుంది. ఒక్కచోటే మొండికేసింది. అశుభమనిపించే మాట ఏ భాషలోనిదైనా ఆమె నోటికి రాదు. ఒకరోజు రన్ అవుట్ చెబుతూ, ఇంట్లో సరుకు నిల్వ లేనప్పుడు అలా అంటారని, "అంటే బియ్యం ఒడిసినయ్ అన్నట్టు" అన్నాను. ఆమె చప్పున చెంపలు వేసుకుంది.

"గట్లనొద్దు మేడం. బియ్యం నిండుకున్నయ్ అనాలె."

"ఇంగ్లీషోళ్ల ఇంట్ల నిండుకోవు. ఒడుస్తయ్."

"అయితే ఆళ్ల బియ్యం ముచ్చట ఆళ్లనే చెప్పుకోనీయుండ్రి."

క్లాసంతా ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత కోప్పడ్డాను. సాయంత్రం వెళ్లేటప్పుడు ఐ యామ్ గోయింగ్ అని కూడా అనదు. గుమ్మం దగ్గర ఆగి, "ఐ గో అండ్ కమ్, మేడం" అనేది. పోతున్న అంటే మళ్లీ రానట్టేనట, పోయొస్త అనాలట. ఐ విల్ బి బ్యాక్ అనమని నేర్పాను. నాలుగు రోజులు నా మాట మన్నించి అంది, మళ్లీ మొదటికొచ్చింది.

ఇంటర్వ్యూలో మందులు లేకపోతే ఏం చెబుతావని తప్పకుండా అడుగుతారని నాకు అనిపించింది. వి హ్యావ్ రన్ అవుట్ అని పదేపదే చెప్పించాను. వేపాకు నమిలినట్టు మొహం పెట్టి చెప్పింది. ఇక ఫరవాలేదనుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు తోడు రమ్మంటే వెళ్లాను. ఆ దవాఖాన పెట్టింది ఒక డాక్టరమ్మ. తలుపు తీసే ఉంది, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పేరు, చదువు, ఊరు, అన్నీ బాగానే చెప్పింది. తర్వాత డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది: ఊరి నుంచి ఒక ముసలామె వచ్చింది, ఆమెకు కావలసిన మందు మన దగ్గర లేదు, ఏం చెబుతావు? నేను అనుకున్న ప్రశ్నే. బయట నా పెదవులు వాటంతటవే కదులుతున్నాయి. లోపల చప్పుడు లేదు. లోపలికి వెళ్లి ఒక్కటి వేద్దామా అనిపించింది.

చివరికి గొంతు వినిపించింది. "ప్లీజ్ సిట్ డౌన్, అమ్మా. ఐ విల్ ఫైండ్ అవుట్. ఐ విల్ కాల్ యు బ్యాక్. యు గో అండ్ కమ్."

అయిపోయిందనుకున్నాను. డాక్టరమ్మ తెలుగులోకి దిగింది.

"మందు లేదని ఎందుకు చెప్పలేదు? ఉన్నదనుకొని ఆమె ఈడనే కూసుంటే? దవాఖానల ఉన్నదున్నట్టు చెప్పాలె."

"చెప్త డాక్టరమ్మా, లేదనే చెప్త. గని పానం బాగలేక వచ్చిన మనిషికి లేదని చెప్పి ఊకోను. ఏడ దొరుకుతదో అడిగి చెప్త. మల్ల ఎప్పుడు రావాల్నో చెప్త. గప్పుడే పంపిస్త."

డాక్టరమ్మ నవ్వడం వినిపించింది.

"ముందుగాల లేదని చెప్పు. తర్వాత నువ్వన్నవన్నీ చెయ్యి. సోమవారం వస్తవా?"

నేర్పింది నేనే అయినా, నేను నేర్పిన జవాబు చెప్పకపోవడం వల్లే ఆమెకు పని దొరికింది. నాకు కాస్త ఉక్రోషంగానూ, దానికి పదింతలు సంతోషంగానూ ఉంది. దవాఖాన గేటు బయటికి రాగానే ఆమె తల్లికి ఫోన్ చేసింది. కూతురు ఎత్తింది. రోడ్డు మీద ఆటోల మోతకు వినపడక స్పీకర్ పెట్టింది.

"అమ్మా, ఈసారి ఎన్ని దినాలు పోతరు?" అంది పిల్ల. వేరే పలకరింపు లేదు.

"పోతలేం బిడ్డా. నువ్వే నా కాడికి వస్తున్నవ్. ఈడనే బడికి పోదువు."

ఫోన్ కట్ అయిందేమోనని ఆమె తెర వంక చూసుకుంది.

"ఉత్తగ అంటున్నవా?"

"లేదు. నిజంగనే."

నా కళ్లు నిండాయి, దాచుకోవాలనిపించలేదు. ఫోన్ ఎక్కడో పడేసిన చప్పుడైంది. పిల్ల ఇంట్లోకి పరుగెత్తుతూ అరవడం మా ఇద్దరికీ వినిపించింది.

"అమ్మమ్మా, నా బట్టల సంచి ఏడ పెట్టినవ్?"