ఆకు కొన కుడివైపన్న పోలయ్య తాత

“నాకు తెలీదు” అన్న మాట పోలయ్య తాత నోట ఎవరూ విని ఎరగరు. సుంగై సుమున్ తోట కూలీల బడిలో అయిదో తరగతి చదివి, పట్నంలోని బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో స్థిరపడిన మనిషి. లిఫ్టు ఆగిపోతే, “తప్పుకోండి, ఈ ఊరి లిఫ్టులన్నీ నా సేతిమీదుగానే లేసినాయి” అనేవాడు. పక్కింటి పిల్లి దగ్గితే పిల్లుల వైద్యుడు. ఎదురింటి చైనా ఆవిడకు నూడుల్స్ ఉడకబెట్టడం నేర్పబోయి, గరిటె దెబ్బ తప్పించుకొచ్చాడు. ఆ తప్పించుకోవడాన్నీ తన ఘనతల్లో చేర్చుకున్నాడు.

మనవరాలు సుమతి సొంతంగా శిక్షణ పాఠాలు తయారుచేసి కంపెనీలకిస్తుంది. పాఠం రాయడం తేలిక. ఆ పని తెలిసిన మనిషిని పట్టుకోవడమే కష్టం. ఈసారి ఒక అరిటాకు భోజనం హోటలువాళ్ళు, కొత్తగా వచ్చిన విదేశీ పనివాళ్ళకు వడ్డన నేర్పే పాఠం కావాలన్నారు. శుక్రవారంలోగా అనుభవజ్ఞుడి మాటలు రికార్డు చేసి వినిపించకపోతే పని వేరేవాళ్ళకు పోతుంది. సుమతికిది మొదటి పెద్ద కాంట్రాక్టు.

“ఎక్స్‌పర్టుని ఎతుకుతావేటే? ఎదురుగానే కూకున్నాను గదా!”

“నువ్వెప్పుడు వడ్డించినావు తాతా?”

“తిన్నోడికంటే ఎవడికి తెలుస్తాది లా!” అని ఆ ఊరి యాసలో ‘లా’ తగిలించాడు.

సుమతి దణ్ణం పెట్టి, వడ్డనలోనే జీవితం గడిపి రిటైరైన, తాత పాత నేస్తం యేసుదాసును కాఫీ కొట్టులో పట్టుకుంది. ఫోను ఎదురుగా పెట్టి అడిగింది.

“సెప్పడానికేటుందమ్మా? ఆకేస్తాం. అన్నమేస్తాం. తింటారు.”

అంతే. ఆపైన ఫోనులో రికార్డయింది ఫ్యాను చప్పుడు. సుమతికి ఏడుపొక్కటే తక్కువ. సరిగ్గా అప్పుడే, వెంటబడి వచ్చిన తాత కుర్చీ లాక్కుని మధ్యలో దిగాడు.

“ఈడినేటి అడుగుతావు? నన్నడుగు. ఆకు కొన కుడిపక్కకుండాల.”

యేసుదాసు కప్పు గాల్లో ఆగింది. “ఏటీ?”

“అప్పడం అన్నం కింద పెట్టాల. ఏడిగుంటాది.”

“ఓరి బుద్దిలేనోడా! మెత్తబడి సస్తాది! కొన ఎడమపక్కకి! కూరలు పైన, అన్నం కింద!”

“తిన్నాక ఆకు అవతలేపు మడవాల.”

“అది సావింట్లోరా!” యేసుదాసు లేచి నిలబడ్డాడు. బల్లనే ఆకు చేసుకుని మొత్తం వడ్డన చూపించాడు. పులుసు గరిటె చొక్కామీద కారకుండా ఎలా తిప్పాలో, ఆకు తనవైపు మడిచినవాడి దగ్గరికి అన్నం బకెట్టు ఎందుకు తీసుకెళ్ళకూడదో, అన్నీ! కొట్టంతా మూగింది. తాత ఒక్కో తప్పు అందిస్తున్నాడు, సుమతి సిగ్గుతో చచ్చిపోతోంది, ఫోను మాత్రం నడుస్తోంది.

హోటలువాళ్ళు విని వెంటనే ఒప్పుకున్నారు. తాత పరువే వీధిన పడింది. “తాతా, కొన ఎటేపు?” అని పూలకొట్టువాడు కూడా అడుగుతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం తాత భోజనానికి కూర్చుని ఆకు పరిచాడు. కొన ఎడమవైపు. మూలన చిటికెడు ఉప్పు. సుమతి నోరు తెరిచింది.

“తాతా! నీకంతా తెలుసు!”

“అరవకే. దాసుని అడిగితే ముడుసుకుపోతాడు. తప్పు సెబితే ఊరుకోలేడు.”

“వీధంతా నవ్వుతున్నారు! ఇప్పుడే పోయి సెబుతాను.”

“సెప్పకు. పని మానేసిన కాడ్నించి ఆడికి నోరిప్పే పని లేదు. ఇప్పుడిప్పినాడు, మూయించకు.”

అంతలో తలుపు చప్పుడైంది. గుమ్మంలో యేసుదాసు, చంకలో అరిటాకుల కట్ట.

“ముసలోడా, ఇది తెలీకుండా సత్తే మనోళ్ళందరికీ తలవంపులు. ఇయ్యాల నేర్పే ఎల్తాను.”

తాత గబుక్కున బొటనవేలితో ఉప్పు తుడిచేసి, ఆకు కొన కుడివైపుకు తిప్పేశాడు. “రా, దాసూ,” అని పక్కన చోటిచ్చి, అమాయకంగా అడిగాడు: “ఇంతకీ ఉప్పు ఎక్కడేస్తార్రా?”