పెర్పీ విప్పని నల్లబట్ట

ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో పట్నం దగ్గరి ఆ రేవుపల్లెలో భర్త పోయిన ఆడది ఏడాదిపాటు నల్లబట్ట కడుతుంది. సంవత్సరీకం నాడు ప్రార్థన చేయించి, నలుగురికీ భోజనం పెట్టి, నలుపు విప్పేస్తుంది. ఎండుచేపలమ్మే పెర్పెతువా, ఊరందరికీ పెర్పీ, మాత్రం విప్పలేదు.

"ఆ దారి తెరిచేదాకా ఇది నా ఒంటి మీదే ఉంటుంది. విప్పేది ఎలియోగాడి కళ్ళ ముందే," అంది భోజనాల దగ్గరే.

ఊరికే పట్టిన పంతం కాదది. ఆమె ఇంటి నుంచి రోడ్డుకున్నది ఒక్కటే బాట, అదీ ఐస్ ఫ్యాక్టరీ ఎలియో స్థలం అంచున. తాతల నాటి నుంచీ అందరూ నడిచిందే. ఎలియో దానికి గోడ కట్టి, గేటు పెట్టి, తాళం బిగించాడు. ఆమె భర్త గోరియో పోయిన రోజున ఊరంతా వెళ్ళి బతిమాలారు.

"ఇవాళ తెరిస్తే రేపూ తెరవమంటారు," అన్నాడు వాడు, వరండాలో కాఫీ తాగుతూ.

శవపెట్టెను మడచెట్ల బురదలోంచి మోశారు. మోసేవాడొకడు జారాడు. పెట్టె ఒరిగి, లోపల గోరియో దొర్లిన చప్పుడు పెర్పీ చెవిన పడింది. ఆ చప్పుడు మళ్ళీ ఆమెను వదల్లేదు.

కడుపుమంటతో తిన్నగా పట్నం కోర్టుకెళ్ళింది. అక్కడే తప్పులో కాలేసింది. ఒకే ఊరి ఇరుగుపొరుగు తగువు ముందు ఊరిపెద్ద ఎదుటికి వెళ్ళాలని జడ్జి కేసు కొట్టేశాడు. ఆ సాయంత్రం ఎలియో ఇంట్లో పందిని కాల్చారు.

"నాంగ్ పెర్పీ! ఓ ముక్క పంపించనా?" అక్కా అన్నట్టు నాంగ్ అని పిలుస్తూ, గోడ మీంచి కేకేశాడు ఎలియో.

"నీ దినానికొచ్చి తింటాలేరా!"

పెర్పీ ఊరిపెద్ద దగ్గర ఫిర్యాదు పెట్టింది. అక్కడ వకీళ్ళకు చోటు లేదు. తగువున్న ఇద్దరూ స్వయంగా వచ్చి ఒకే బల్ల మీద కూర్చోవాలి. చేపల కంపు కొట్టే మనిషి పక్కన తానా? కళ్ళు నెత్తికెక్కిన ఎలియో, ఊరిపెద్ద పిలిచిన ప్రతిసారీ వకీలునే పంపాడు.

"అయ్యా, ఇక్కడ మీకు పనిలేదు. ఆయన్నే రమ్మనండి," అని ఊరిపెద్ద తిప్పి పంపేవాడు. పెర్పీ పళ్ళబిగువున ఆ బల్ల మీద ఒంటరిగా కూర్చునేది. చివరికి ఊరిపెద్దకే ఒళ్ళు మండి, రాజీ కుదరలేదు, కోర్టుకు పోవచ్చని రాసిచ్చాడు. ఆమెకు కావలసిందీ అదే. వాడి పొగరే ఆ కాగితాన్ని ఆమె చేతిలో పెట్టింది.

ఈసారి జడ్జి బాట తెరవమన్నాడు. పైకోర్టూ అదే మాట అంది. అప్పుడు దిగొచ్చాడు ఎలియో.

"అయిందేదో అయింది, నాంగ్. ఇరుగుపొరుగు వాళ్ళం."

"ఆ రోజూ ఇరుగుపొరుగే కదరా!"

కోర్టు మనిషి వచ్చి తాళం తీసిన పొద్దున, పెర్పీ గోరియోను మోసినవాళ్ళనే పిలిపించింది. ఓ కొత్త శవపెట్టె వాళ్ళ భుజాలకెత్తి, ముందు బ్యాండు పెట్టి, బాట వెంట నడిపించింది. ఎలియో గుమ్మం ముందు దింపించింది. మూత తీసింది. లోపల ఖాళీ.

నల్లబట్ట విప్పి అందులో పడేసింది. లోపల తొడుక్కొచ్చిన పసుపు పూల గౌను బయటపడింది.

"ఇది నీకేరా ఎలియో, ఉంచుకో. నిన్ను మోసుకెళ్ళే రోజున దారి తెరిచే ఉంటుంది."

ఎలియో ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెట్టెను అక్కడే వదిలేసి, పెర్పీ చేపల బుట్ట నెత్తికెత్తుకుని ఆ బాటనే సంతకు పోయింది.