మా అక్క పొయ్యి, బావగారి గోడ

పోయిన నెల మా తోటికోడలు కన్నుమూసింది. పరామర్శకి వచ్చిన మీరంతా "పెద్ద వయసే గదా, సుఖంగా వెళ్లిపోయింది" అన్నారు. రెండూ తప్పే. అరవై ఎనిమిది పెద్ద వయసు కాదు. ఆ వయసుకి నాకింకా రెండేళ్లే ఉన్నాయి, నాకైతే వెళ్లే తొందరేమీ లేదు. ఇక సుఖం సంగతి. ఊపిరి అందక, మంచం పట్టె పట్టుకుని వారం రోజులు కొట్టుకుని పోయింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆమె మా ఆయనకి వదిన. మా ఆయన పోయేక కూడా చోడవరంలో అదే ఇంట్లో, ఒకే వంటగదిలో ఉన్నాం. నేను అక్కా అనేదాన్ని. నేను బడికెళ్లి పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, ఆమె ఇంట్లో కట్టెల పొయ్యి చూసుకునేది. గ్యాసు లేక కాదు. గ్యాసు మీద కాచిన పులుసు ఆమె మొగుడు, మా బావగారి నాలుకకి ఆనదు.

నిప్పు విషయంలో ఆమె దగ్గర నేనే విద్యార్థిని. పచ్చి కట్టె గుమ్మం దాటనిచ్చేది కాదు. ప్రతి కట్టెనీ నేలకేసి రెండుసార్లు కొట్టి, తేలు ఉంటే బయటే దులిపేసేది. ఎండు చెరకాకు ఒక్క పరక మించి పెట్టనిచ్చేది కాదు, భగ్గుమని కొంగుకంటుకుంటుందని. పక్కన నీళ్ల బిందె, నడుముకి బిగించిన కొంగు, వారానికోసారి పొయ్యి బీటల్లో మట్టి మెత్తడం. ఒకసారి నేను బూడిద తీసి పెంటపోగు మీద పోయబోతే చెయ్యి పట్టుకుంది.

"సైన్సు టీచరువి, అడుగున నిప్పు సచ్చిందో లేదో సూడవేటే? రెండ్రోజులు తట్టలో పడుండనీ."

చూసేను. చావలేదు.

పొయ్యి పైన గోడలో పొగ పోవడానికి జానెడు కంత ఉండేది. పొగగూడు అనేవాళ్లం. ఆరేళ్ల కిందట ఒక వాస్తు ఆయన వచ్చి, కాఫీ తాగి, ఇంటి లక్ష్మి ఆ కంతలోంచే పోతోందని చెప్పేడు. మర్నాటికల్లా బావగారు దాన్ని సిమెంటుతో పూడిపించేసేరు.

"మరి వంట సెయ్యడం ఎలాగండీ?" అంది అక్క.

"తలుపు తీసుకో. పొగే గదా, పులేటి?"

తమ్ముడి పెళ్లాం బావగారికి ఎదురుగా మాట్లాడకపోవడం మా ఇంటి మర్యాద. బడిలో పొగ ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో బోర్డు మీద బొమ్మేసి చెప్పేదాన్ని. ఇంట్లో తలుపు వెనక నిలబడి ఊరుకున్నాను. ఈ నేరంలో నా వాటా అది. దాచుకోను.

రెండేళ్లకి అక్కకి దగ్గు మొదలయ్యింది. అనకాపల్లిలో డాక్టరు అడిగేడు, "అడ్డచుట్ట కాలుస్తారా అమ్మా?"

"లేదు బాబూ. మా పొయ్యి కాలుస్తాది, నేను పీలుస్తాను."

డాక్టరు నవ్వలేదు. బావగారు నవ్వేరు. ఆ నవ్వు నా దగ్గర భద్రంగా ఉంది.

పన్నెండోరోజు అయ్యి, కొడుకు ఉద్యోగానికి వెళ్లిపోయేక, ఇంట్లో మిగిలిన అక్క కోడలు ఆ పొయ్యి ముందు కూర్చుని ఒక దగ్గు దగ్గింది. ఆ దగ్గు నేను ఎరుగుదును.

"ఒసే గుంటా, బట్టలు సర్దు. రావికమతం మీయమ్మ దగ్గరికి పో. నేను పిలిస్తే గాని రాకు" అన్నాను.

"మావయ్యగారికి ఎవులొండుతారత్తా?"

"పొయ్యుంది, కట్టెలున్నాయి, ఆయనకి రెండు సేతులున్నాయి."

గ్యాసు రెగ్యులేటరు తీసి నా బీరువాలో పెట్టి తాళం వేసేను. మెస్సు నుంచి కారేజీ తెప్పించుకుని, వీధరుగు మీద కూర్చుని, వంటగదిలో ఆయన దగ్గు వింటూ తిన్నాను. వంకాయ కూర ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

మూడోరోజు మధ్యాహ్నం బావగారు బయటికి వచ్చేరు. కళ్లు చింతనిప్పులు, పంచె నిండా మసి. అలవాటు ప్రకారం నాకేసి చూడకుండా స్తంభాన్ని అడిగేరు.

"ఈ పొగంతా ఎటు పోతందమ్మా?"

నేను లేచి ఎదురుగా నిలబడ్డాను.

"ఇన్నాళ్లూ మా అక్క ఊపిరితిత్తుల్లోకి పోయింది బావగారూ. ఇప్పుడు మీ వంతు."

ఆయన అరుగు మీద కూలబడ్డారు. పంచె కొసతో కళ్లొత్తుకుని "గోడ కొట్టించెయ్" అన్నారు. క్షమించేననుకుంటారేమో, లేదు. కోడలు వచ్చేక ఆ గదిలో ఊపిరాడాలి, అంతవరకే మా రాజీ.

గురువారం మేస్త్రి వస్తున్నాడు. మీలో వడ్డాది వెళ్లేవాళ్లు ఆరంగుళాల రేకు గొట్టం, వాన పడకుండా దాని మీదకో టోపీ, పిట్టలు దూరకుండా జాలీ పట్టుకురండి. డాబా పిట్టగోడ కన్నా మూడడుగులు పైకి లేవాలి, పొడుగు చూసి తీసుకోండి. ప్లాస్టిక్‌ది తెస్తే మీ చేతే వెనక్కి పంపిస్తాను. తెచ్చిన సామాను నాకివ్వకండి, బావగారి చేతిలో పెట్టండి. ఇది ఎందుకండీ అని అడగండి. ఆయన నోటితో చెప్పేదాకా గుమ్మంలోంచి కదలకండి.