గాలి తోడిన పంపు

ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే ‘తెలియదండీ’ అనడానికి నాకు క్షణం పట్టదు. ఆ రోజుల్లో ఆ మాట నా నోటికి వచ్చేది కాదు. మా వైపు పల్లెలకి కరెంటు స్తంభాలు ఒక్కటొక్కటిగా వస్తున్న కాలం అది, ఐ.ఆర్. ఎయిట్ వరి గురించి జనం బస్సుల్లో కూడా కొట్లాడుకునే కాలం. రాజాంలో మా పెదనాన్నకి పంపుల దుకాణం ఉండేది. నేను పాలిటెక్నిక్ గట్టెక్కి (మూడో ప్రయత్నంలో అన్న సంగతి ఇప్పుడు చెప్పుకుంటే నష్టం లేదు) ఆ దుకాణంలో చేరాను. బావుల్లో పంపులు దింపడం, అరిగిన తోలు వాషర్లు మార్చడం, రైతులకి నాలుగు ఇంగ్లీషు మాటలు వినిపించి అర్థమైనట్టు తలాడించేలా చెయ్యడం నా పని. ఆరు నెలలు తిరిగేసరికి నీళ్ళు నా మాట వింటాయన్న అభిప్రాయం నాలో బాగా ముదిరిపోయింది.

కళింగపట్నం నుంచి మా ఇంటికి ఎండుచేపలు తెచ్చే ఒకావిడ ఉండేది. పెదనాన్నని ‘అన్నా’ అనేది కాబట్టి నాకు అత్త. సంత రోజున గంప దించీ దించగానే ‘ఏటల్లుడా, ఇంకా బక్కగానే ఉన్నావు, మీ పెద్దమ్మ నీకు గంజి పోత్తందేటి?’ అని వీధంతా వినబడేలా అడిగేది. అలాంటి మనిషి ఒక రోజు గంప లేకుండా దుకాణానికి వచ్చింది. వచ్చి, నా బక్కతనం ఊసే ఎత్తకుండా బల్ల మీద కూర్చుంది.

“మీ మావకి బుజం పోనాది అల్లుడా. వల లాగతంటే కలుక్కుమన్నాది. నావలో నీళ్ళు తోడీ పని ఆయనదే గదా, ఇప్పుడు డబ్బా ఎత్తనేకపోతన్నాడు. పెద్దోడేమో, నాన్నా, నువ్వు ఒడ్డునుండిపో, ఇంకొకడిని ఎక్కించుకుంతాను అంతన్నాడు. ఒడ్డున కూకుంటే ఆ మనిసి బతకడు. మీ కాడ నీళ్ళు తోడీవి ఇన్నున్నాయి, ఒకటి సూసి ఇయ్యవా?”

చెక్కనావకి అతుకుల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుందనీ, వేటకి వెళ్ళిన అయిదుగురిలో ఒకరు రోజంతా ఆ నీటిని డబ్బాతో ఎత్తి బయటికి పొయ్యాలనీ నాకు అప్పుడే తెలిసింది. మావ ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని అది. కొడుకు చెడ్డవాడు కాడు, కానీ నడిసముద్రంలో పని చెయ్యలేని చెయ్యి ఒకటి ఉంటే మిగతా నలుగురికీ ప్రమాదం. అత్త ఏడిచి, బతిమాలి, ‘పంపు పెట్టుకుని ఒక్క రోజు ఎక్కనీ’ అని అతన్ని ఒప్పించింది. ఆ ఒక్క రోజు పంపు పని చేస్తే మావ నావ మీద ఉంటాడు, చెయ్యకపోతే ఒడ్డున ఉంటాడు.

ఇంత మాట విన్నాక నేను చెయ్యాల్సింది వెళ్ళి నావ చూడటం. నేను చేసింది ఉపన్యాసం. నూతి మీద పెట్టే పోతయినుప పంపు గురించి చెప్పాను (దాన్ని ఎక్కిస్తే ఇద్దరు మనుషుల్ని దింపాలి). ఆ తర్వాత లారీ షెడ్లలో డ్రమ్ముల్లోంచి డీజిలు తోడే గుండ్రటి ఇత్తడి చేతిపంపు తీసి, నిమిషానికి ఎన్ని గాలన్లు లాగుతుందో వర్ణించాను. అత్త గాలన్ల జోలికి పోలేదు.

“కూకుని తిప్పొచ్చేటి?”

నేను ఆలోచించలేదు.

“ఎడం సేత్తో?”

అదీ ఆలోచించలేదు. ఆవిడే నేల మీద చతికిలబడి, బకెట్లో గొట్టం పెట్టించి, ఎడమచేత్తో పిడిని అటూ ఇటూ ఆడించింది. నీళ్ళు బుడబుడమంటూ నా చెప్పుల మీద పడ్డాయి. “ఇదే,” అంది. ఆ పంపుని ఎంపిక చేసింది నేనే అని చాలా ఏళ్ళు చెప్పుకు తిరిగాను.

మర్నాడు ఒళ్ళో గోనెసంచిలో పంపు పెట్టుకుని, శ్రీకాకుళంలో బస్సు మారి కళింగపట్నం చేరాను. సముద్రాన్ని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. వంశధార వచ్చి అందులో కలిసిపోతోంది. అంత నది కలుస్తున్నా దానికి ఏమీ పట్టినట్టు లేదు. నోరు తెరుచుకుని చూశాను. అయితే నా వెనకాల నలభై మంది నిలబడి నన్ను ‘ఇంజినీరు బాబు’ అంటున్నారు కాబట్టి, సముద్రాన్ని పరీక్షిస్తున్నవాడిలా రెండుసార్లు తలాడించి నావ దగ్గరికి నడిచాను.

నావ ఇసక మీద ఉంది, ముక్కు ఊరి వైపు, వెనకభాగం నీటి వైపు. పంపు ఎక్కడ పెట్టాలో శాస్త్రీయంగా తేల్చాలని నాలుగు బిందెల నీళ్ళు తెప్పించి నావలో పోయించాను. నీళ్ళు చక్కగా వెనక్కి జారి అక్కడ మడుగు కట్టాయి. “ఇదిగో, ఇక్కడ!” అన్నాను. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావ, బక్కపలచటి మనిషి, కుడిచేతిని మెడకి కట్టిన పాత తువ్వాలులో వేలాడేసుకుని నన్నే చూస్తున్నాడు. ఆయన నోరు ఒకసారి తెరుచుకుని మూసుకుంది. ఆ మౌనాన్ని నేను ఆశ్చర్యం అనుకున్నాను.

వెనక అడ్డపలకకి పంపు బిగించాను. అడుగు దాకా సరిగ్గా కొలిచి కోసిన ఇనప గొట్టం దించాను. నీళ్ళు బయటికి పోవడానికి పొడుగాటి గట్టి రబ్బరు గొట్టం తగిలించాను. దాన్ని బయటికి తియ్యడానికి నావ పక్కచెక్కకి కన్నం వెయ్యబోతూ బర్మా పైకెత్తానో లేదో, ఒడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. అత్త పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “నావకి కన్నమేటిరా నాయినా! ఉన్న కన్నాలు సాలవేటి?” గొట్టం అంచు మీదుగా వేలాడేశాం. ఆడవాళ్ళు పంపుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. నాకూ పెట్టారు.

తెల్లవారుతుండగా నావ తోశారు. “నువ్వూ ఎక్కు,” అన్నాడు మావ కొడుకు. నాకు బావ వరస. నవ్వడం అతని అలవాటు కాదు. కెరటాలు దాటడం గురించి నేనేమీ రాయలేను, ఎందుకంటే కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఒడ్డు ఒక గీతలా ఉంది. చుట్టూ నీళ్ళు లేచి పడుతున్నాయి. ఊపిరి తీసుకుంటున్న ఇంత పెద్ద వస్తువు మీద నేను ఒక్క చెక్క మందాన కూర్చున్నానని తెలిసి నాకు భయం కన్నా ముందు దణ్ణం పెట్టాలనిపించింది. నిజంగానే పెట్టాను కూడా. ఆ తర్వాత భయం వేసింది, దాని తర్వాత డోకు వచ్చింది.

“నీరు పట్టింది నాన్నా. తోడు,” అన్నాడు బావ.

మావ పంపు దగ్గర కూర్చుని ఎడమచేత్తో పిడి ఆడించాడు. గుర్ర్, గుర్ర్ అంది. నీరు లేదు. నేను వెళ్ళి రెండు చేతులతో ఆడించాను. గుర్ర్. పంపు విప్పి, ఊది, బిగించి మళ్ళీ ఆడించాను. బలమైన గాలి, ఏ లోటూ లేని గాలి, రబ్బరు గొట్టంలోంచి సముద్రంలోకి పోతోంది. అప్పటికి నావ మధ్యలో నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. వల అంతా ముందు కుప్పేశారు, ఇద్దరు మనుషులు ముందు కూర్చున్నారు, ముక్కు దిగి వెనకభాగం పైకి లేచింది. తెరచాప గాలి పట్టి నావ పక్కకి ఒరిగింది. నా పంపు కింద చెక్క మాత్రం ఎండలో ఆరేసినట్టు పొడిగా ఉంది.

“మావా, మీకు ముందే తెలుసా?” అని అడిగాను.

“తెలకపోడమేటి? నావ నడిసీటప్పుడు వెనక నీరుండదు గదా.”

“మరి చెప్పలేదేం?”

ఆయన మొహమాటపడ్డాడు. “నువ్వు సదువుకున్నోడివి. గాలి తోడీదానికి కూడా ఏదో కారణం ఉంతాదనుకున్నాం.”

బావ నా చేతిలో డబ్బా పెట్టాడు. తోడాను. కక్కుతూ తోడాను, తోడుతూ కక్కాను. బావ మొహం తండ్రి వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు, రేపటి నుంచి నువ్వు రావు అన్న నిర్ణయం ఉంది. మావ తల దించుకున్నాడు. నా ఉపన్యాసం వల్ల ఒక మనిషికి సముద్రం దూరమైపోతోందని నాకు అప్పుడు అర్థమైంది. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

మావ లేచాడు. నీళ్ళలో నిలబడి, కళ్ళు మూసుకుని, కుడిపాదాన్ని చెక్కల మీద మెల్లగా జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగాడు. “ఇక్కడ సల్లగా గుచ్చుతన్నాది,” అన్నాడు. బయటి నీరు లోపలికి వచ్చే చోటు! నేను చెయ్యి పెట్టి వెతికాను, నాకు ఏమీ దొరకలేదు. ఆయన చెప్పిన చోటే బావ కొబ్బరిపీచు కూరి గుగ్గిలం అద్దాడు. ఊట తగ్గిపోయింది. నేను నోరు తెరిచి ఆ పాదం వైపు చూస్తూ ఉండిపోయాను. నిన్న సముద్రాన్ని చూసినప్పుడు కూడా అంత నోరు తెరవలేదు.

“అల్లుడా, ఆ రబ్బరు గొట్టం ఇటేపు తగిలించకూడదేటి?” అన్నాడు మావ, తప్పు చేస్తున్నవాడిలా.

ఎందుకు తగిలించకూడదు! ఇనప గొట్టం విప్పి నీళ్ళు బయటికి పోయే వైపు, రబ్బరు గొట్టం నీళ్ళు పీల్చే వైపు మార్చాను. మావ పళ్ళతో ముడేసి దాని మూతికి వలముక్క కట్టాడు, పొలుసులు దూరకుండా. పంపులో చెంబెడు నీళ్ళు పోశాను. ఆయన కూర్చుని ఎడమచేత్తో పిడి ఆడిస్తూ, గొట్టం మూతిని పాదంతో జరుపుతూ, నీరు ఎటు పోతే అటు పంపాడు. వల వేసినప్పుడు ఒక చోటికి, లాగినప్పుడు ఇంకో చోటికి. నీళ్ళు ధారగా సముద్రంలో పడుతున్నాయి. నీరు ఎక్కడుందో చూడటానికి పంపుకి కన్ను లేదని నాకు తోచలేదు, ఆయన దానికి తన కాలు ఇచ్చాడు.

బావ చాలాసేపు ఆ ధార వైపు చూశాడు. “రేపు తెల్లారగట్లే లెగాల నాన్నా,” అన్నాడు. అంతే అన్నాడు. మావ పిడి ఆపలేదు గానీ, మొహం అవతలికి తిప్పుకున్నాడు.

ఒడ్డున ఊరంతా కాచుకుని ఉంది. అత్త మోకాలు లోతు నీటిలోకి వచ్చేసి, “పంపు పనిసేసినాదా?” అని కేకేసింది. బావ నా వైపు చూశాడు. నాకు నావ అడుగున దూరిపోవాలనిపించింది. మావ నావ మీదే నిలబడి, నలభై మందికీ వినపడేలా, “సేసినాది! అల్లుడు బాగా బిగించినాడు!” అన్నాడు.

ఆ సాయంత్రమే ఇంకో రెండు నావల వాళ్ళు నన్ను పిలిచారు. రాజాం వెళ్ళాక పెదనాన్న భుజం తట్టాడు. మావ చెప్పిన ఆ మాటని నేను దిద్దలేదు. ఇరవై రెండేళ్ళ వాడికి అంత ధైర్యం ఎక్కడిది? మావ ఆ తర్వాత చాలా ఏళ్ళు వేటకి వెళ్ళాడు, నేను చాలా నావలకి పంపులు బిగించాను. ప్రతిసారీ నావని ముందు నీటిలోకి దింపించి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, పాదం చెక్కల మీద జరిపేవాణ్ణి. చూసేవాళ్ళు ఎంత అనుభవమో అనుకునేవారు. మీకు మాత్రం చెబుతున్నాను, నా కాలికి ఎప్పుడూ ఏమీ తెలియలేదు. కాసేపు అలా నిలబడి, కళ్ళు తెరిచి, పక్కనున్న ముసలాయనని చూసి, ‘నీళ్ళు ఎక్కడ ఆగుతాయి మావా?’ అని అడిగేవాణ్ణి.