గాలి ఫోర్కు వద్దన్న వియ్యంకుడు

నన్ను స్ప్రింగుకు కట్టేసి తాను గాలి మీద తిరిగిన మనిషి పోయాడు. మా వియ్యంకుడు, నా బిడ్డకు మామ. సోమవారం పొద్దున ఆస్పత్రి నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. ఏడుపొచ్చింది. దాని వెనకే పాత కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్లు కడుపులోనే పెట్టుకున్నాను.

కొన్నేళ్ల కిందట మోకాళ్ల కోసం ఇద్దరం సైకిళ్లు కొందామని అమీర్‌పేటలో ఒక షాపుకు పోయాం. రాళ్ల బాటల్లో తిరిగే గేరు సైకిళ్లు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కుదుపును మింగుతుంది. ఒక రకంలో గాలి ఉంటుంది. తేలిక, కానీ మనిషి బరువును బట్టి, ఎంత గాలి ఎక్కిందో చూపే ముల్లున్న పంపుతో గాలి కొట్టాలి. ఇంకో రకంలో ఇనుప స్ప్రింగు. బరువు, కానీ పట్టించుకునే పని లేదు. నేను గాలిదాని మీద చేయి వేశాను.

"బావా, నీకు గాలిది వద్దు. స్ప్రింగుది తీస్కో."

"ఎందుకు?"

"ఫికర్ ఉండదు."

తాను మాత్రం గాలిది తీసుకున్నాడు. షాపాయనను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. నాకు అర్థమైంది. ఈయనకు చదువు రాదు, ముల్లు దగ్గర అంకెలు ఏం చూస్తాడు అనే ఉంటాడు. నాకు అంకెలు వచ్చు. సంతకం కూడా వచ్చు.

చెడ్డవాడని అనను. ఆదివారం తెల్లారగానే యూసుఫ్‌గూడ నుంచి వచ్చి మా గుమ్మం ముందు బెల్లు కొట్టేవాడు. "లేచినవా బావా, ఇంకా కలలనే తొక్కుతున్నవా?" పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎత్తు రాగానే ఆగేవాడు. "జర నీ బండి ఇయ్యి" అని నా బరువు సైకిల్ తీసుకుని, తన తేలికది నాకిచ్చేవాడు. నా బండిలో వంక వెతుకుతున్నాడనుకునేవాణ్ణి. పైకెక్కాక రొప్పుతూ "మస్తుగున్నది నీ బండి" అనేవాడు. ఆ మాట మీద కూడా నాకు అనుమానమే.

మొన్న వియ్యంకుడి ఇంటికి పలకరించడానికి షాపాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"కాకా, గా రోజు ఆయన ఏమన్నడో ఎరుకేనా? గాలిదైతే పంపు కావాలె, షాపుల ఉన్నది ఒక్కటే, అది మా ఇంట్ల ఉంటది. మా బావ బిడ్డనిచ్చిన ఇంట్ల మంచినీళ్లు సుత ముట్టడు, పంపు అడుగుతడా? గాలి లేకుండనే తొక్కి కింద పడ్తడు, అన్నడు."

మా పద్ధతి అదే, నిజం. బిడ్డనిచ్చిన ఇంట్లో ఏదీ ముట్టం.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"చెప్పొద్దన్నడు."

పోయినవాళ్ల గురించి అందరూ మంచే చెబుతారు. షాపాయన మాట నేను నమ్మలేదు.

అంతలో బిడ్డ వచ్చింది. "నాయినా, మామ సైకిలు, పంపు నీకే ఇయ్యమన్నడు."

తీసుకోలేదు. గోడకు ఆనించిన ఆ సైకిల్ హ్యాండిల్ ఒకసారి నొక్కి చూశాను. కిందికి పోయింది, మళ్లీ లేవలేదు; ఫోర్కులో గాలి దిగిపోయింది.

వచ్చే శుక్రవారం దినాలు. షాపాయనా, ఈ రాత నీ కంటపడితే, ఆ రోజు అందరి ముందు ఆయన ఫోటో దగ్గర నిలబడి ఆ మాట మళ్లీ చెప్పు. నా చదువు మాట ఏమన్నా ఎత్తాడా, అదీ చెప్పు. ఎత్తలేదంటే ఆ ఇంట్లో మొదటిసారి చేయి చాచి పంపు తీసుకుంటాను. అప్పటిదాకా ఆ సైకిల్ ముందుకు వంగే ఉంటుంది.